ఒక పాకెట్ తక్కువ

12 మే 2025, సోమవారం

పిల్లి ఈరోజు తనంతట తాను లేచి నిలబడింది. చేపలో సగం తిన్నది. చిగుళ్లు ఇంకా పాలిపోయే ఉన్నాయి. మాత్ర నలిపి ఒక ముక్కలో పెడితే ఆ ముక్క ఒక్కటే వదిలేసి మిగతాదంతా తిన్నది. చివరికి నోరు తెరిచి వేయవలసి వచ్చింది. బొటనవేలు కొరికింది. కొరికే బలం వచ్చిందన్న మాట.

పశువుల డాక్టరు భానుప్రసాద్ చూశాడు. రక్తం ఇప్పుడు నిలుస్తోందట. మాత్రలు ఇంకో పది రోజులు వేయాలి. మందు తిన్న ఎలుకను మళ్లీ తిన్నదంటే ఈసారి తన చేతుల్లో ఏమీ ఉండదన్నాడు. ఇరవై రోజుల కింద ముక్కులోంచి రక్తం కారుతుంటే దీన్ని అట్టపెట్టెలో పెట్టి తీసుకుపోయాను. అప్పుడే అడిగాడు, ఎక్కడ తిన్నదని. మా పక్కన ఎర్రన్న హోటల్ ఉంది, దాని వెనుక తిని ఉంటుందని చెప్పాను. హోటల్ అన్న తర్వాత ఎలుకలు ఉంటాయి.

పాత స్టాకు రిజిస్టరులో వెనుక పేజీలు ఖాళీగా ఉన్నాయి. అందులో రాస్తున్నాను. బోధన్‌లో ఈ విత్తనాలు, మందుల షాపులో ముప్పై ఒక్క ఏళ్లుగా రాసే పని నాదే. బడి నాలుగో తరగతితో ఆగింది. మిగతా చదువంతా మందు డబ్బాల మీది కాగితాలు చదివి నేర్చుకున్నదే. రాసుకోకపోతే నాకు ఏదీ నిలవదు.

13, మంగళవారం

మధుకర్ గడువు పెట్టాడు. వాళ్ల నాన్న పోయిన తర్వాత షాపు అతనే చూసుకుంటున్నాడు. సోయా సంచి మీద పిల్లి ఉచ్చ వాసన వస్తోందని నిన్న ఒక రైతు సంచి తిప్పి పంపాడు. మధుకర్ అరవలేదు. అరిచినా బాగుండేది.

“కాక, ఇరువై అయిదుకు లోడు దిగుతది. గప్పటిదాంక సూస్త. గంతే. మల్ల లారీ డ్రైవరు చేతిలవెడ్త, గోనెసంచిల ఏసుకపోయి ఇందల్వాయి అవుతల ఇడిసిపెడ్తడు.”

సంచిలో వేసి మూడు చుట్లు తిప్పితే పిల్లికి తోవ తెలియకుండా పోతుందని ఇక్కడ అందరూ అంటారు. ఇందల్వాయి దగ్గర ఉన్నది లారీలు పరుగెత్తే పెద్ద రోడ్డు. తోవ తెలిసినా తెలియకపోయినా ఒకటే.

నా గది షాపు వెనుకనే. గోదాముకూ గదికీ మధ్య తలుపు కింద నాలుగు వేళ్ల సందు ఉంది. నాకు ఇంకో చోటు లేదు. అందుకని పిల్లికే చోటు చూడాలి. మందు పెట్టని ఇల్లు కావాలి. ఒక్కటి చాలు.

ఎలుకల మందు కేకుల పాకెట్లు లెక్కచూశాను. ఒకటి తక్కువ.

14, బుధవారం

మళ్లీ చూశాను. ఒకటి తక్కువే. కంపెనీ పెట్టెలోనే తక్కువ వచ్చి ఉంటుంది.

15, గురువారం

మోస్రా నుంచి పుష్పలత వరి విత్తనం కోసం వచ్చింది. గోనెల మీద పడుకున్న పిల్లిని చూసి, కింద కూర్చుని మెడ వెనుక గోకింది. గోకించుకున్నది. నన్ను ముట్టనివ్వదు. ఆమెకు రెండు బర్రెలు ఉన్నాయి, పెద్ద వాకిలి ఉంది. రోజూ పాలు పోస్తానన్నది. తనకు ఇవ్వమని తనే అడిగింది. సరేనన్నాను.

అర్ధగంట సంతోషంగా ఉన్నాను. తర్వాత మందుల పుస్తకం తెరిచాను.

ఆ పుస్తకం మధుకర్ నాన్న పెట్టించింది. ఒకసారి పోలీసులు ఒక ఖాళీ విషం డబ్బా తీసుకొచ్చి, ఇది ఎవరు కొన్నారని అడిగారు. చెప్పలేకపోయాం. ఆ రోజు నుంచి ఏ విషం మందైనా పేరు, ఊరు, ఎందుకు అన్నవి రాయనిదే చేతికి ఇవ్వను. జనం నవ్వుతారు. నవ్వినా అంతే. చుట్టాలకైనా అంతే. మధుకర్ తన ఇంటికి తీసుకుపోయినా రాస్తాను.

పుష్పలత, మోస్రా, వడ్ల అర్రకు: వానాకాలం నాలుగు పాకెట్లు, యాసంగిలో ఆరు. నా రాతే.

ఫోన్ చేశాను. పిల్లి వచ్చాక మందుతో పనేమున్నదని అన్నది. మంచి మాటే. మీ పక్కిళ్లవాళ్లో అని అడిగాను. ఆమె పేరు కింద ఉన్న మూడు పేర్లూ ఆమె గల్లీవే. నలుగురూ ఒకే ఆటోలో వచ్చి కొన్నారు. పక్కింటి ఎలుక గోడ దాటి రాదా అన్నాను.

“పిల్లినిస్తున్నవా కాక, పిల్లనిస్తున్నవా? మా ఖాందాన్ మొత్తం అడుగుతున్నవ్” అన్నది.

పెట్టేసింది.

16, శుక్రవారం

మధుకర్ అడిగాడు. చూస్తున్నానన్నాను.

17, శనివారం

మధుకర్ బావమరిది కూతురు అంకిత నిజామాబాద్‌లో బ్యాంకులో పని చేస్తుంది. పిల్లి కావాలని ఆమే ఫోన్ చేసింది. అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. మట్టి లేదు, వడ్లు లేవు, పక్కింటి అర్ర లేదు. ఇంతకన్నా ఏం కావాలి?

సోయా విత్తనాల అట్టపెట్టెకు రంధ్రాలు చేసి, బస్సులో ఒళ్లో పెట్టుకుని పోయాను. ఎడపల్లి దాటాక లోపలి నుంచి అరుపు మొదలైంది. పెట్టె మీద అచ్చు వేసిన పేరు చదివి కండక్టర్, విత్తనం అప్పుడే మొలకెత్తిందా అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను.

అంకిత గిన్నె కొన్నది. ఇసుక పళ్లెం, బంతి కొన్నది. పరుపు కూడా. పెట్టెలోంచి బయటికి వచ్చిన పిల్లి ఆ పరుపును వదిలేసి వాషింగ్ మెషిన్ వెనుక కూర్చున్నది. అలవాటవుతుంది అంకుల్ అని ఆ పిల్లే నాకు ధైర్యం చెప్పింది. టీ తాగి, మాత్రల చీటీ చేతికి ఇచ్చి బయటికి వచ్చాను.

మెట్లు దిగుతుంటే రెండో అంతస్తు మూలన నల్ల ప్లాస్టిక్ డబ్బా కనిపించింది. అటూ ఇటూ రంధ్రాలు. ఎలుకల మందు పెట్టే ఆ డబ్బాలు మేమూ అమ్ముతాం. లోపల ఏముంటుందో తెరిచి చూడనక్కరలేదు. కింద వాచ్‌మన్‌ను అడిగాను. ప్రతి అంతస్తులో పెడతారట. నెలకోసారి కంపెనీవాళ్లు వచ్చి మారుస్తారట.

మళ్లీ పైకి పోయాను. అంకిత తలుపు తీసి, ఏమైనా మరిచిపోయారా అన్నది. చెప్పాను. డబ్బాలు తలుపు బయట కదా, పిల్లి లోపలే ఉంటుంది కదా అన్నది. ఒక వారం చూడనివ్వమని అడిగింది. ఇవ్వలేనన్నాను. ఆ పిల్ల కళ్లలో నీళ్లు తిరిగాయి. వాషింగ్ మెషిన్ జరిపి, పిల్లిని లాగి, పెట్టెలో వేసుకుని వచ్చేశాను. చేతుల నిండా గీరిన గాట్లు.

బస్టాండులో కూర్చున్నప్పుడు అనిపించింది: ఆ ఇల్లు బాగానే ఉన్నదేమో. నాకే ఇవ్వబుద్ధి కాలేదేమో.

అది కాదు. డబ్బాలు ఉన్నాయి.

18, ఆదివారం

తినలేదు. మాత్ర మాత్రం వేశాను.

19, సోమవారం

పదకొండేళ్ల పుస్తకాలు దించి చూశాను. మందు తీసుకోని ఇల్లు కోసం. ఎడపల్లి, రెంజల్, సాలూర, కోటగిరి, వర్ని. బోధన్‌లో గల్లీ గల్లీ. నేను ఇవ్వని ఊరు లేదు. వడ్ల అర్రకు, పసుపు కొట్టానికి, చెరుకు గట్టుకు, వంటింటికి, దేవునర్రకు. అన్నీ నా అక్షరాలే. నా చేతులతో ఇన్ని ఊళ్లలో పెట్టించి, ఇప్పుడు ఒక్క పిల్లికి ఇల్లు దొరకడం లేదని తిరుగుతున్నాను.

ఎర్రన్న పేరు కూడా వెతికాను, దొరకలేదు. బయటెక్కడో కొని ఉంటాడు.

ఇంకో పేరు కూడా లేదు. మా వరుసలోనే, ఎర్రన్న హోటల్‌కు అవతలి పక్క పరుపులు, బొంతలు కుట్టే నూరుల్లా. దూది కొట్టు. దూదిలో ఎలుకలు లేకుండా ఎట్లా ఉంటాయి? పదకొండేళ్లలో ఒక్క పాకెట్ లేదు.

20, మంగళవారం

నూరుల్లాను అడిగాను. ఇన్నేళ్లలో అతనితో పది మాటలు మాట్లాడి ఉంటానేమో. ఎలుకలకు ఏం చేస్తావంటే, దారం తెంపి, మూలన ఉన్న బోను చూపించాడు. రోజూ పొద్దున సైకిల్ మీద కెనాల్ దాటించి వదిలి వస్తాడట. ఎర్రన్న అందుకని ఏడిపిస్తాడట, నూరుల్లా భాయ్ ఎలుకలను అత్తగారింటికి దింపొస్తడని.

మందు ఎందుకు పెట్టలేదని అడిగాను.

“దూదిల ఎలుక సచ్చి ఉంటే, గా పరుపు మీద ఎవడు పండుతడు సాయిలన్నా? పెండ్లికి ఇస్తం పరుపులు.”

ఇది దయ కాదు, జాలి కాదు. వ్యాపారం. అందుకే నమ్మాను. దయ మారుతుంది.

పిల్లి సంగతి చెప్పాను. అతని భార్య హుస్నాను లోపలి నుంచి పిలిచాడు. ఆమెకు ఇదివరకు ఒక పిల్లి ఉండేదట. ఏడాది కింద ముసలిదై పోయింది. రేపు తనే వచ్చి చూస్తానన్నది.

రేపు.

21, బుధవారం

హుస్నా వచ్చింది. వెదురు బుట్టలో కొత్త దూది పరిచి, పైన పాత చీర ముక్క వేసి తెచ్చింది. పిల్లి ఆ బుట్టలోకి తానే ఎక్కింది. నేను ఎత్తలేదు. నాలుగు నెలలుగా నా గడప దగ్గర పడుకుంటున్నా ఇది ఎవరి దాంట్లోకీ ఇట్లా ఎక్కగా చూడలేదు. దూదిని పిసికి, చుట్టుకుని పడుకున్నది.

మాత్రలు, చేప, డాక్టరు మాట అన్నీ చెప్పాను. హుస్నా అన్నీ విని ఒక్కటే అడిగింది. ఎక్కడ తిన్నదని.

ఎర్రన్న హోటల్ వెనుక, అన్నాను. డాక్టరుకు చెప్పిందే చెప్పాను. నోటికి అదే వచ్చింది.

ఆమె బుట్ట మీద చేయి తీసేసింది.

“ఎర్రన్నది మాది గోడకు గోడ సాయిలు భాయ్. గాడ తిని సస్తే మల్ల నేనే సూడాలెనా? ఒకదాన్ని బొందవెట్టిన. ఇంకోదాన్ని పెట్టలేను.”

పిల్లిని లేపి కింద పెట్టి, ఖాళీ బుట్టతో వెళ్లిపోయింది. చీర ముక్క మాత్రం ఇక్కడే ఉంచింది. పిల్లి దాని మీద పడుకున్నది.

నాలుగు రోజులు.

22, గురువారం

పొద్దున పిల్లి కనిపించలేదు. గోదాములో సంచుల మధ్య వెతికాను. హమాలీలు వచ్చి ఏం పోయింది కాక అని అడిగారు. ఏమీ లేదన్నాను. రోడ్డు మీద చూశాను. లారీల కింద చూశాను. మధుకర్ మాట గుర్తొచ్చి అతనికి ఫోన్ చేసి, ఎవరికైనా ఇచ్చేశావా అని అడిగాను. ముప్పై ఒక్క ఏళ్లలో ఆ కుటుంబంతో నేను గొంతు పెంచింది మొదటిసారి. ఇరవై అయిదు అన్నానంటే ఇరవై అయిదే కాక అన్నాడు.

గదిలోకి వచ్చేసరికి ట్రంకు పెట్టె వెనుక చప్పుడైంది. పాత రిజిస్టర్లు ఉండే పెట్టె. జరిపాను. పిల్లి అక్కడ ఉంది. నోట్లో ఎలుక ఉంది. బతికున్న ఎలుక, కానీ మత్తుగా ఉన్నది. పరుగెత్తడం లేదు.

దవడలు పట్టుకుని విడిపించాను. ఎట్లా విడిపించానో తెలియదు. రెండు చేతులూ చీరేసింది. ఎలుకను బయట పడేసి, పిల్లి నోరు నీళ్లతో కడిగి, నాలుక కింద చూసి, చిగుళ్లు చూసి, డాక్టరుకు ఫోన్ చేశాను. మింగకపోతే భయం లేదు, మాత్ర ఈరోజు రెండుసార్లు వేయి అన్నాడు.

ట్రంకు పెట్టె వెనుక గోడ మూలన ఇంకోటి ఉన్నది. నీలం రంగు కేకు. సగం కొరికి ఉన్నది. ఎలుకలు లాక్కుపోయి దాచినట్టున్నాయి.

దాన్ని కాగితంలో చుట్టి తీసి, దూరంగా గుంత తవ్వి పూడ్చి వచ్చాను. చేతులు సబ్బుతో నాలుగుసార్లు కడిగాను.

23, శుక్రవారం

ఎర్రన్న వచ్చాడు. హుస్నా అతన్ని అడిగిందట, నోరులేని జీవి కదా, మందెందుకు పెట్టినవని. హోటల్‌లో నలుగురు ఉండగా అడిగిందట. ఎర్రన్న గట్టిగా మాట్లాడే మనిషి. ఈరోజు మెల్లగా మాట్లాడాడు.

“నీ బుక్కు తియ్యి సాయిలన్నా. ఊరందరి పేర్లు ఉంటయి గద. నా పేరు సూపెట్టు.”

తీశాను. పేజీలు తిప్పాను. లేదని తెలిసీ తిప్పాను. అతను నిలబడే ఉన్నాడు. ఒక సంవత్సరం అయిపోయింది, ఇంకో సంవత్సరం తిప్పాను. ఆఖరుకు అతనే నా చేతిలోంచి తీసి మూసి, బల్ల మీద పెట్టాడు. ఇరవై ఏళ్లుగా నేను అడగకుండానే నాకు చక్కెర లేని చాయ్ పంపుతున్న మనిషి. వెళ్లిపోయాడు.

అదే రోజు, సాయంత్రం

ఏప్రిల్ 16, బుధవారం. ఎలుకలు పాత రిజిస్టర్లు కొరికాయి. 1998ది, 2001ది. పొడి పొడి చేశాయి. నాకు చాలా కోపం వచ్చింది. షాపులోకి వచ్చి షెల్ఫు మీది నుంచి ఒక పాకెట్ తీశాను. అందులోని రెండు కేకులకు బెల్లం పూశాను. ఒకటి మంచం కింద, ఒకటి అల్మారా పక్కన పెట్టాను. రక్తం చూసిన రోజు మంచం కిందిది తీసి పారేశాను. రెండోది కనబడలేదు. ఎలుకలు తినేసి ఉంటాయని అనుకున్నాను. వెతకలేదు.

పుస్తకంలో రాయలేదు. నా పేరు నేనే రాసుకోవడమేమిటని అనిపించింది.

పిల్లి నా గడప దగ్గర పడుకుంటుందని తెలుసు. గదిలోకి వస్తుందనీ తెలుసు. ఎలుకను పట్టి తెచ్చి నా మంచం ముందు పెట్టేది. అన్నీ తెలుసు.

పాకెట్ తక్కువ వచ్చింది కంపెనీ పెట్టెలో కాదు.

24, శనివారం

పొద్దున షాపు తీయగానే మందుల పుస్తకంలో ఏప్రిల్ 16 తేదీ కింద, రెండు వరుసల మధ్య ఇరికించి రాశాను. పేరు: సాయిలు. ఊరు: బోధన్, ఇదే షాపు. పాకెట్లు: ఒకటి. ఎందుకు అన్న గడిలో ఏం రాయాలో చాలాసేపు తోచలేదు. రాశాను.

పుస్తకం చంకలో పెట్టుకుని ఎర్రన్న హోటల్‌కు పోయాను. చాయ్ వేళ. ఎనిమిది తొమ్మిది మంది ఉన్నారు. కూర్చోలేదు. కూర్చుంటే చెప్పలేనని తెలుసు.

“ఎర్రన్న పెట్టలే. నా అర్రల నేనే పెట్టిన” అన్నాను.

ఎవరో గ్లాసు కింద పెట్టిన చప్పుడు. ఎర్రన్న బజ్జీలు తీస్తున్నాడు. తీస్తూనే ఉన్నాడు. చాయ్ వస్తుందేమోనని కాసేపు నిలబడ్డాను. రాలేదు. రావాలని నేనెట్లా అనుకుంటాను?

అక్కడి నుంచి నూరుల్లా కొట్టుకు పోయాను. అదే మాట చెప్పాను. హుస్నా పరదా పక్కకు జరిపి వచ్చి, ఇంకా ఉన్నదా నీ ఇంట్లో అని అడిగింది. లేదన్నాను. నిన్నటిదాకా ఎర్రన్న అన్న నోటితోనే ఇప్పుడు లేదంటే ఎట్లా నమ్మాలన్నది.

నా దగ్గర చూపడానికి పుస్తకం తప్ప ఏమీ లేదు. తెరిచి పెట్టాను. హుస్నాకు తెలుగు చదవడం రాదు. నూరుల్లా వేలు పెట్టి గట్టిగా చదివాడు. పేరు, ఊరు, ఒకటి. చివరి గడి దగ్గర ఆగి, నన్ను ఒకసారి చూసి, చదివాడు.

“పుస్తకాలు కొరుకుతున్నాయని.”

హుస్నా పుస్తకం తన వైపు తిప్పుకుని ఆ గడి చూసింది. నేను కింద ఉన్న దూది వంక చూస్తూ నిలబడ్డాను. కాదంటే రేపు పొద్దున్నే లారీ.

“పిల్లి మల్ల నీ ఇంటికి వస్తది సాయిలు భాయ్. తాళం ఏసినా ఆగది. రెండు గోడలే. నీ పుస్తకాలు పోతె పోతయి. మందు పెట్టనని ఈ బుక్కుల రాస్తవా?”

రాశాను. అక్కడే, ఆమె ముందే, దూది మూట మీద పెట్టి. నూరుల్లా అది కూడా చదివి వినిపించాడు. హుస్నా లోపలికి పోయి బుట్ట తెచ్చింది.

నేనే మోసుకుపోయి ఇచ్చాను. ఈసారి పిల్లి బుట్టలోకి తానుగా ఎక్కలేదు. నన్ను ఎత్తి పెట్టనిచ్చింది. గోరు పెట్టలేదు. అదే కష్టంగా ఉన్నది.

25, ఆదివారం

లోడు దిగింది. సోయా, వరి. మధుకర్ గోదాము అంతా చూసి, పోయిందా కాక అని మాత్రం అడిగాడు. తలుపు కింద సందుకు జాలీ కొట్టించాడు.

పన్నెండు గంటలకు రెంజల్ రైతు ఒకాయన ఎలుకల కేకులు అడిగాడు. ఇచ్చాను. ఇవ్వకుండా ఉండలేను, అది నా పని. పేరు రాశాను, ఊరు రాశాను, ఎందుకో రాశాను. తర్వాత, ఇంట్లో పిల్లి ఉన్నదా అని అడిగాను. ఆయన నవ్వాడు. ఉన్నదన్నాడు. బోను సంగతి చెప్పాను. ఒక పాకెట్ తిరిగి ఇచ్చి, రెండు తీసుకుపోయాడు.

ఎర్రన్న చాయ్ పంపలేదు.

హుస్నా రెండు గోడల అవతలి నుంచి ఏదో పేరుతో పిలుస్తోంది. పిల్లి పలుకుతుందో లేదో ఇక్కడికి వినబడదు.

కేకుల పాకెట్లు లెక్కచూశాను. పుస్తకంతో సరిపోయాయి.

ట్రంకు పెట్టెలో ఏదో కొరుకుతోంది. 2003ది కావచ్చు. కొరకనీ.